పెరటిలో ఆటస్థలము

ఇటీవల మన పట్టణములలోఁ గొందఱు గృహస్థులు పెరటియందు బ్యాడ్మింటను ఆటస్థలము నేర్పఱచుకొనుచున్నారు. పిల్లలు సెల్లుఫోను విడిచి బయట నాడుట శుభమే. కాని యా పేర పెరడంతయు సిమెంటుతోఁ గప్పుట యుచితము కాదని నా యభిప్రాయము.

ఇద్దఱిద్దఱు జట్టుగా నాడుటకు 44 అడుగుల పొడవును 20 అడుగుల వెడల్పును గల స్థలము వలయును. అది రెండు సెంట్లకుఁ గొంచె మధికము; చుట్టును మఱికొంత విడువవలయును. ఇంత నేలను మూసినచో వాననీరు భూమిలోని కింకక వీధి పాలగును. బావికి ఊట తగ్గును. వేసవియందు సిమెంటు మిక్కిలి కాఁగును. దానిపై గంతులు వేయు పిల్లల మోఁకాళ్లకును శ్రమ యధికము.

ఎఱ్ఱమట్టి పఱచి, నీరు చల్లి, దిమ్మిసతోఁ గొట్టి, సున్నపు గీఁతలు గీసిన నేల చాలదా? పొడవు ఉత్తర దక్షిణములుగా నుంచినచో ఉదయ సాయంకాలములందు ఎండ కంటఁబడదు. వల నడుమ 5 అడుగుల యెత్తుండిన సరి. వానకాలమున బురద యగు నందురా? ఆ నాలుగు దినములు ఆట మానినచో నష్టమేమి? నేల త్రాగిన నీరు వేసవిలో మనకే యక్కఱకు వచ్చును.

మఱియొక మాట. 2016లో రియో ఒలింపిక్సునందు పి. వి. సింధు రజతపతకము గాంచినపుడు సంతసించిన తలిదండ్రులారా! మీ కుమార్తెలను గూడ సాయంకాలమున నొక గంట యాటకు విడువుఁడు. పొరుగు పిల్లలకుఁ దలుపు తెఱచి యుంచుఁడు. ఆటకు జోడు వలయును; జోడు లేని యాటస్థలము కొలది నెలలలో బట్టలారవేయు చోటగును.