ఊరికి నడిబొడ్డు ఎక్కడ?



ఉద్యోగరీత్యా కోల్‌కతాకు వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో అనేకులు నేడు పాత నగరంలో నివసించడం లేదు. అందరూ సాల్ట్ లేక్ అని పిలిచే బిధాన్‌నగర్‌లోనో, దానిని దాటి రాజార్‌హాట్ వైపు విస్తరిస్తున్న న్యూ టౌన్‌లోనో ఇళ్ళు ఏర్పరచుకున్నారు. గాలి, వెలుతురు, విశాలమైన రోడ్లు, నిశ్శబ్దం - ఇవన్నీ అక్కడ ఉన్నాయి. అయినా ఏదో ఒకటి లోపించిందన్న భావన చాలామందికి కలుగుతూ ఉంటుంది. ఆ లోపం ఏమిటో నాకు తెలియజెప్పినది ఏ గ్రంథమూ కాదు, మా అమ్మగారు.

గడచిన శీతకాలంలో ఆమె శ్రీకాకుళం జిల్లా నుండి మా ఇంటికి వచ్చారు. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. వచ్చిన మరునాడు ఉదయం చేతిసంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, “ఒరేయ్, బజారు ఏ పక్కకిరా?” అని అడిగారు. సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. మేముండే చోట కూరగాయలు ఒక దిక్కున, మందుల దుకాణం మరొక దిక్కున, బ్యాంకు ఇంకొక దిక్కున ఉన్నాయి. గుడికి వెళ్ళాలంటే నాలుగు వరుసల వాహనాల రోడ్డు దాటవలసి ఉంటుంది. “సాయంత్రం నేను బండి మీద తీసుకువెళతానులే అమ్మా” అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా సంచి మడిచి లోపల పెట్టేశారు. మూడు వారాలున్నారు. ఆ సంచి మళ్ళీ బయటికి రాలేదు.

స్వగ్రామంలో రోజూ తన పనులు తానే చక్కబెట్టుకునే మనిషి, మా ఇంట్లో ప్రతి చిన్న అవసరానికీ కొడుకు తీరిక కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆమె కాళ్ళలో సత్తువ తగ్గలేదు. మా పట్టణంలో ఆ కాళ్ళకు పని లేకుండా పోయింది. నడిచి చేరుకోదగిన నడిబొడ్డు లేని పట్టణం మొట్టమొదట నష్టపరచేది వాహనం నడపలేని వారిని - వృద్ధులను, పిల్లలను, మన ఇళ్ళలో పనిచేసి వెళ్ళేవారిని.

పాత నగరం నేర్పే పాఠం

పాత కలకత్తాను కాలినడక కోసమని ఎవరూ ప్రత్యేకంగా రూపొందించలేదు. అయినా అది నడిచేవారి నగరంగానే పెరిగింది. 1874లో ప్రారంభమైన న్యూ మార్కెట్, దాని చెంతనే ఎస్‌ప్లనేడ్, చౌరంగీలో భవనాల ముందు స్తంభాల నీడన సాగే నడవ, పుస్తకాల దుకాణాలతో నిండిన కాలేజ్ స్ట్రీట్ - వీటిలో దేనికి వెళ్ళినా ఒక పనికి బయలుదేరిన మనిషి నాలుగు పనులు చక్కబెట్టుకుని రాగలడు. క్రింద అంగడి, పైన నివాసం, ప్రక్కన కార్యాలయం, మలుపులో తేనీటి దుకాణం. ఇవన్నీ ఒకదానినొకటి ఆనుకుని ఉండడమే అక్కడి రహస్యం.

సుప్రసిద్ధ నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడెస్ 1919లో బడాబజారు అభివృద్ధిపై కలకత్తా కార్పొరేషన్‌కు ఒక నివేదిక సమర్పించారు. పాత వీధులను మూకుమ్మడిగా పడగొట్టి వెడల్పు రోడ్లు వేయడం ఆయనకు సమ్మతం కాదు. ముందుగా ఊరంతా నడిచి చూడాలి, ప్రజలు దానిని ఎలా ఉపయోగించుకుంటున్నారో గ్రహించాలి, ఆ తరువాతనే అవసరమైనంత మేరకు మార్పు చేయాలి అన్నది ఆయన జీవితమంతా పాటించిన పద్ధతి.

నిశ్శబ్దం లభించింది, సందడి మిగిలిపోయింది

దేశ విభజన అనంతరం శరణార్థుల రాకతో నగరం కిక్కిరిసిపోయిన రోజులలో, తూర్పున ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలలను మెరక చేసి ఉపనగరం నిర్మించాలని నాటి ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ సంకల్పించారు. 1962 ఏప్రిల్‌లో పని ప్రారంభమయింది. హుగ్లీ నది అడుగు నుండి తోడిన ఒండ్రును నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపి, ఆ పల్లపు భూమిని నింపారు. అదే సంవత్సరం జూలై 1న డాక్టర్ రాయ్ కన్నుమూశారు. పట్టణానికి ఆయన పేరే పెట్టారు. దాని ప్రణాళిక రచించినవారు యుగోస్లావియాకు చెందిన దోబ్రివోయె తోష్కోవిచ్.

ఆ ప్రణాళికలో మెచ్చుకోదగినవి చాలా ఉన్నాయి. రెండేసి ఇంగ్లీషు అక్షరాల పేర్లు గల బ్లాకులు, వాటి మధ్యన పిల్లలు ఆడుకునే ఉద్యానాలు, కొన్ని బ్లాకులకు చేరువలో చిన్న మార్కెట్లు, దారి చెప్పడానికి నేటికీ ఉపయోగపడే అంకెల నీళ్ళ ట్యాంకులు - ఇవి ఇరుగుపొరుగు జీవితాన్ని దృష్టిలో ఉంచుకుని చేసిన ఏర్పాట్లు. దుర్గాపూజ దినాలలో ఈ ఉద్యానాల విలువ తెలుస్తుంది. ఆ నాలుగైదు రోజులూ ఊరంతా ఒక పందిరి నుండి మరొక పందిరికి కాలినడకనే సాగుతుంది. అర్ధరాత్రి వేళ కూడా ముసలివారు, పసివారు నిర్భయంగా రోడ్డు మీద ఉంటారు. ఏడాదిలో ఆ కొద్ది రోజులు సాధ్యమయ్యేది తక్కిన రోజులలో ఎందుకు సాధ్యం కాదన్నది ఆలోచించవలసిన విషయం.

పట్టణం మధ్యభాగానికి వచ్చేసరికి పరిస్థితి వేరు. కరుణామయి పరిసరాలలో వికాస్ భవన్, పూర్త భవన్, విద్యుత్ భవన్ వంటి పెద్ద పెద్ద కార్యాలయాలు వెలిశాయి. వేలాది ఉద్యోగులు పగటిపూట అక్కడికి వస్తారు. భవనాలు దేని ప్రహరీ లోపల అది ఉంటాయి. సాయంత్రం ఉద్యోగులు వెళ్ళిపోగానే ఆ వీధులు బోసిపోతాయి. ఒకే పనికి కేటాయించిన చోటు ఆ పని ముగియగానే నిద్రపోతుంది. నడిబొడ్డు ఉదయం నుండి రాత్రి వరకు మేలుకొని ఉండాలంటే ఇల్లు, కొలువు, అంగడి, విశ్రాంతి ఒకే చోట కలిసి ఉండాలి.

ఈ లోటును కొంతవరకు తీర్చినది 2004లో వచ్చిన సిటీ సెంటర్. దాని శిల్పి చార్లెస్ కొరియా. నాలుగు గోడల మధ్య మూసివేసిన పెట్టెవలె కాక, వీధుల వంటి దారులతో, మధ్యన మెట్లతో కూడిన ‘కుండ్’తో ఆయన దానిని రూపొందించారు. మన దేవాలయ కోనేటి మెట్లను తలపించే ఆ మెట్ల మీద ఏమీ కొనకుండానే గంటసేపు కూర్చోవచ్చు. చిన్న విషయంగా కనిపించినా నడిబొడ్డుకు ప్రాణం అదే. 2020 ఫిబ్రవరిలో సెక్టర్ ఐదు నుండి మెట్రో నడక ప్రారంభించడంతో సిటీ సెంటర్‌కు, కరుణామయికి స్టేషన్లు లభించాయి. 2025 ఆగస్టు నాటికి ఆ మార్గం గంగను దాటి హౌరా మైదాన్ వరకు సంపూర్ణమయింది. దిగిన తరువాత చివరి అర కిలోమీటరు సుఖంగా నడవగలిగితేనే ఇంత గొప్ప సౌకర్యమూ సార్థకమవుతుంది.

బండి, కాలిబాట, నా సంతకం

కాలిబాట అనగానే హాకర్ల ప్రసక్తి రాక తప్పదు. 1996 నవంబరులో ‘ఆపరేషన్ సన్‌షైన్’ పేరిట కలకత్తా కాలిబాటల నుండి వేలాది చిరువ్యాపారులను తొలగించారు. కాలక్రమంలో వారు తిరిగి వచ్చారు, ఎందుకంటే కొనేవారు అక్కడే ఉన్నారు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ఈ అనుభవాల నుండి పాఠం నేర్చినదే. పట్టణ జనాభాలో రెండున్నర శాతం మేరకు వ్యాపారులకు చోటు కల్పించాలని, వారి వ్యవహారాలు చూసే సంఘంలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలని ఆ చట్టం నిర్దేశిస్తున్నది. మరొక ప్రక్కన, ఆక్రమణలు లేని కాలిబాట పౌరుల జీవించే హక్కులో భాగమని సర్వోన్నత న్యాయస్థానం 2025 మే నెలలో స్పష్టం చేసింది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. కాలిబాటను కొలిచి, నడకకు ఇంత, వ్యాపారానికి ఇంత అని ముందే విభజిస్తే ఇద్దరికీ చోటుంటుంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. రెండేళ్ళ క్రితం మా వీధి మొగలో కూరగాయల బండి పెట్టుకునే ఒకాయనను తొలగించవలసిందిగా మా నివాసులు అర్జీ పెట్టారు. రద్దీ, చెత్త, ఉదయాన్నే కేకలు - ఇవీ మా అభ్యంతరాలు. అవి అబద్ధాలు కావు. ఆ అర్జీ మీద నా సంతకం కూడా ఉంది. బండి వెళ్ళిపోయింది. వీధి నిశ్శబ్దమయింది. మా అమ్మగారి ప్రశ్నకు నేను చెప్పగలిగి ఉండిన ఏకైక జవాబు కూడా దానితోపాటే వెళ్ళిపోయింది.

చేయవలసినదేమిటి?

న్యూ టౌన్ నిర్మాణానికి 1999లో హిడ్కో సంస్థ ఏర్పడింది. అక్కడ ఇంకా ఖాళీ స్థలాలున్నాయి కనుక పొరపాట్లు దిద్దుకునే అవకాశమూ ఉన్నది. పైగా కోల్‌కతా తూర్పునకు ఇష్టం వచ్చినంత సాగిపోవడానికి వీలులేదు. నగరపు మురుగునీటిని శుద్ధిచేస్తూ, చేపలను, కూరగాయలను పండించే సుమారు 12,500 హెక్టార్ల తూర్పు చిత్తడి నేలలు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరాయి. వాటిని కాపాడుకోవాలంటే పట్టణం విస్తరించడం కన్న ఒద్దికగా ఉండడం మేలు. ఒద్దికైన పట్టణమే నడవదగిన పట్టణం.

ఇందుకు కొలతలు కష్టమైనవి కావు. ఆరోగ్యవంతుడు 5 నిమిషాలలో 400 మీటర్లు నడుస్తాడు. సెకనుకు 0.8 మీటర్ల చొప్పున నడిచే వృద్ధురాలికి అదే దూరం 8 నిమిషాలకు పైబడుతుంది. నిత్యావసరాలన్నీ ఆ పరిధిలో ఉండాలి. 24 మీటర్ల రోడ్డును యువకుడు 20 సెకన్లలో దాటితే ఆమెకు 30 సెకన్లు పడుతుంది. పచ్చదీపం ఆమె లెక్క ప్రకారం వెలగాలి, లేదా రోడ్డు మధ్యన ఆగడానికి తిన్నె ఉండాలి. వ్యాపార వీధులలో కాలిబాట మీద స్తంభాలు, గుంతలు, గట్లు అడ్డురాకుండా కనీసం రెండున్నర మీటర్లు నడకకే వదలాలి. వైశాఖపు ఎండకు, శ్రావణపు వానకు చెట్టో, చౌరంగీలో వలె స్తంభాల నడవో ఉండాలి. కూర్చోవడానికి అరుగు, త్రాగడానికి నీరు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడితే దీపం ఉండాలి. నిశ్శబ్దం కోరుకునే నివాస వీధులను అలాగే ఉండనిచ్చి, సందడిని ఒక చోటికి చేర్చాలి.

వాహనాలు ఆపితే వ్యాపారం దెబ్బతింటుందన్న భయం సహజమే. సాల్ట్ లేక్ పనులు మొదలైన 1962లోనే, నవంబరు మాసంలో, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ‘స్ట్రోయెట్’ అనే వ్యాపార వీధిని కాలినడకకు కేటాయించారు. అక్కడి వర్తకులు కూడా మొదట వ్యతిరేకించారు. నడిచేవాడు ఆగి చూస్తాడని, ఆగినవాడు కొంటాడని వారికి తరువాత బోధపడింది. నేడు ఆ వీధి ప్రపంచానికే ఒక ఉదాహరణ.

ప్రభుత్వ రంగ సంస్థలలో పనిచేసే మనకు ఇది పరాయి విషయం కాదు. మన క్వార్టర్లకు, కాలనీలకు సంబంధించిన సంక్షేమ సంఘాలలో ఓటు, మాట రెండూ మనకున్నాయి. ప్రహరీకి ఒక చిన్న ద్వారం పెడితే అర కిలోమీటరు చుట్టు తప్పుతుందేమో పరిశీలించండి. మన ఆవరణలలో దుకాణాల వరుస ఎక్కడ ఉన్నదో, విశ్రాంత ఉద్యోగి అక్కడికి ఒంటరిగా నడిచి వెళ్ళగలడో లేదో ఒక ఉదయం నడిచి చూడండి. నడిచి చూడనిదే తెలియదన్నది గెడెస్ మహాశయుని మాట వినకపోయినా అనుభవంలోకి వస్తుంది.

సంక్రాంతి తరువాత మా అమ్మగారు మళ్ళీ వస్తానన్నారు. వచ్చే నెల మా నివాసుల సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెట్టదలచాను. వీధి మొగలోని వేపచెట్టు క్రింద, కాలిబాటకు అడ్డం రాకుండా, రెండు బండ్లకు గీత గీసి చోటు ఇవ్వాలి. చెత్తకు తొట్టి, వేళకు నియమం ఉండాలి. అది నెగ్గుతుందో లేదో తెలియదు. వెనుకటి అర్జీ మీద సంతకం చేసిన వాడిని కనుక ఈ ప్రతిపాదన మీద మొదటి సంతకం కూడా నాదే కావడం న్యాయమని భావిస్తున్నాను.