సంపాదకుని మాట: పల్లె నుంచి గోల్‌పోస్టు దాకా



ఈ సంచికను చిన్న ఊళ్ల క్రీడాకారులకు కేటాయించాం. మన ఎర్రావారిపాళెం మండలంలో పుట్టిన హాకీ గోల్‌కీపర్ ఎతిమరపు రజని, 2018 ఆసియా క్రీడల్లో రజతం, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్లలో ఉన్నారు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో మన జట్టుకు ఆమే కెప్టెన్. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడినా, రజతం దక్కింది.

సవిత మొదటి గోల్‌కీపర్‌గా ఉన్న జట్టులో రజని ఏళ్ల తరబడి తన వంతు కోసం ఎదురుచూశారు, సాధన మాత్రం మానలేదు. పతకానికి ముందు గడిచే అలాంటి ఏళ్లే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం.

నగరి, పుత్తూరు బడుల మైదానాల్లో సాయంత్రాలు ఆడుతున్న ఆడపిల్లల గురించి మాకు రాయండి. వాళ్ల ఆట ఆగకుండా చూడండి.