నెంబర్ ప్లేటు మీద మాట ఎవరిది? పైసలు ఎవరికి?

బండికి నెంబర్ ప్లేటంటే ఉత్త రేకు ముక్క అనుకునేటోళ్లు తెలంగాణ ఉద్యమాన్ని చూడనోళ్లే. 2009 డిసెంబర్ 9న ప్రకటన వచ్చింది. అదే నెల 23న ఢిల్లీ మాట మార్చింది. ఆ కోపంలో విద్యార్థులు, ఉద్యోగులు తమ బండ్ల మీద 'ఏపీ'ని చెరిపి 'టీజీ' రాసుకున్నరు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఏ రాష్ట్రానికి ఏ అక్షరాలో చెప్పేది కేంద్రం. కాబట్టి మనం రాసుకున్నది చట్టానికి పట్టలేదు. కానీ సర్కారు పలకని మాటను జనం పలికిండ్రు. అంతే తేడా!

ఈ కొట్లాట మనొక్కరిదే కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీలో దాదాపు 7 లక్షల మంది ఉన్నరు. వ్యోమింగ్ రాష్ట్రం కంటే ఎక్కువ జనాభా. కేంద్రానికి పన్నులు కడుతరు. కానీ సెనేట్‌లో ఒక్క సభ్యుడు లేడు, దిగువ సభలో ఉన్న ప్రతినిధికి చట్టాల మీద తుది ఓటు లేదు. అందుకే 2000 నుంచి వాళ్లు నెంబర్ ప్లేట్ల మీద 'ప్రాతినిధ్యం లేకుండా పన్నులు' అని అచ్చేసుకున్నరు. ఒకప్పుడు బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికన్ల నినాదమే అది! క్లింటన్ దిగిపోయే ముందు ఆ ప్లేటును తన కారుకు పెట్టుకున్నడు. బుష్ తీసేయించిండు. 2013లో ఒబామా మళ్లీ పెట్టించిండు. 2016లో అక్కడి ఓటర్లలో 86 శాతం మంది రాష్ట్రం కావాలన్నరు. ఇంకా రాలేదు.

అక్కడి రాష్ట్రాలు ప్లేట్లతో ఇంకో పని కూడా చేస్తున్నయి. చాలెంజర్ వ్యోమనౌక 1986లో పేలిపోయి ఏడుగురు చనిపోతే, వాళ్ల స్మారకం కోసం ఫ్లోరిడా 1987లో ప్రత్యేక ప్లేటు తెచ్చింది. ఇష్టమున్నోళ్లు అదనపు రుసుం కట్టి తీసుకుంటరు. ఆ పైసలు ఆ పనికే పోవాలె. ఎవరికి పోతయో, దేనికి ఖర్చు పెట్టాలో చట్టంలోనే రాస్తరు. లెక్కల తనిఖీ ఉంటది. కొనేటోళ్లు చాలినంత మంది లేకుంటే ప్లేటు రద్దు.

అడిగిన ప్రతి బొమ్మనూ ఒప్పుకోరు. బానిసత్వం కోసం యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ జెండాతో ప్లేటు కావాలని ఒక సంఘం అడిగితే టెక్సాస్ కాదన్నది. 2015లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో టెక్సాస్ వైపే తీర్పిచ్చింది. ప్లేటు మీది మాట ప్రభుత్వం మాటేనని తేల్చింది.

మరి మన ప్రభుత్వం మాటేంది? 2014లో 'టీఎస్' ఇచ్చిండ్రు. 2024 మార్చిలో 'టీజీ' వచ్చింది. ఉద్యమకారులు రంగుతో రాసుకున్న అక్షరాలకు చట్టం ముద్ర పడ్డది. సంతోషమే. కానీ ఆ అక్షరాల కోసం ప్రాణాలిచ్చినోళ్ల ఇండ్లకు ఏం చేరుతున్నది?

ఫ్యాన్సీ నెంబర్ల వేలం చూడుండ్రి. 2024లో ఖైరతాబాద్‌లో ఒక్క 9999 నెంబరుకే 25 లక్షలు దాటింది. ఈ సొమ్ము రైతు మీద పన్ను కాదు, కూలీ మీద భారం కాదు. ఉన్నోళ్ల ముచ్చట. అది సర్కారు ఖజానాలో కలిసిపోతున్నది.

ప్లేటు రూపం కేంద్రం నిబంధనల్లో ఉన్నది కాబట్టి అమరుల స్తూపం బొమ్మ వేయమని మేం అడుగుతలేం. వేలం సొమ్ము మాత్రం రాష్ట్రానిదే. అందులో ఒక వాటాను అమరుల పిల్లల చదువుకు, తల్లిదండ్రుల వైద్యానికి చట్టం చేసి కేటాయించాలె. వేరే ఖాతా పెట్టాలె. ఏటా లెక్కలు అసెంబ్లీ ముందుంచాలె.

ఖజానా అంతా ఒక్కటే, ఇట్ల వాటాలు పెడితే బడ్జెట్‌కు కాళ్లకు కట్టేసినట్టయితదని అధికారులంటరు. ఆ మాటలో కొంత నిజమున్నది. అందుకే బడ్జెట్‌లో ఇచ్చేది ఆపి ఇది ఇయ్యమంటలేం, దాని మీద అదనంగా అడుగుతున్నం. ప్రభుత్వాలు మారినా, మంత్రులు మారినా ఆగని పైస కావాలంటే అది చట్టంలో ఉండాలె. ప్రకటనలు ఎంత తొందరగా మారుతయో 2009 డిసెంబర్‌లోనే చూసినం.

విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు ఈ డిమాండును తమ ఎమ్మెల్యేల ముందు పెట్టాలె. అక్షరాలు తెచ్చుకున్నం. ఇగ లెక్క అడుగుదాం!