గాజుపెట్టె అలంకారం ఎవరి కళ్ల కోసం?

మొన్న మా ఆడపడుచు ఇంటికొచ్చి, హాల్లో ఉన్న ఇగ్వానా పెట్టె చూసి మొహం చిట్లించింది. "ఇదేంటి వదినా, పాత సామాన్ల గదిలా ఉంది! కాస్త అందంగా సర్దకూడదూ?" అంది.

నిజమే, అందంగా లేదు. అడుగున పాత పేపర్లు. అడ్డంగా జామకొమ్మలు. పైన రెండు దీపాలు, పక్కన నీళ్ల తొట్టి. పోయినేడాది అయితే ఎంత ముచ్చటగా ఉండేదో! రంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ తీగ, ఓ బొమ్మ కోట, వెనకాల సముద్రం బొమ్మ. వచ్చినవాళ్లంతా ఫొటోలు తీసుకునేవారు. ఆ అందం మధ్యే అది చావు దాకా వెళ్లింది.

మా చిన్నాడు అడిగాడని మావారు కొన్నారు. రెండడుగుల పెట్టె చాలన్నాడు కొట్టతను. కిటికీ పక్కన పెడితే ఎండ సరిపోతుందన్నాడు. నమ్మాం. కొన్ని నెలలకి దాని వెనక కాళ్లు వణకడం మొదలైంది, దవడ మెత్తబడి ఉబ్బింది. డాక్టరు గారు చూసి, ఎముకలు గుల్లబారుతున్నాయన్నారు. ఎండలోని యూవీబీ కిరణాలు పడితేనే దాని ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది, అప్పుడే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అంటే మేం దానికి వెలుతురు చూపించాం గానీ ఎండ ఇవ్వలేదు.

యూవీబీ బల్బు కొనాలంటే మావారు, "బల్లికి రెండు వేల బల్బా?" అన్నారు. కోటకీ, రాళ్లకీ, తీగలకీ పెట్టినప్పుడు ఆ లెక్క గుర్తుకు రాలేదు! కంటికి కనిపించే వాటికి డబ్బులుంటాయి, ప్రాణం నిలిపే వాటికి ఉండవు. ఆడవాళ్లం, ఈ లెక్క మనకి కొత్తేం కాదు కదా.

ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికాల్లో చెట్ల మీద బతికే జీవి. తోకతో కలిపి అయిదడుగులు దాటుతుంది. దానికి కావలసింది ఎత్తు. పెద్దయ్యాక బీరువా అంత ఎత్తు, రెండు బీరువాలు పక్కపక్కన పెట్టినంత వెడల్పు ఉండాలి. కొమ్మలు దాని ఒళ్లంత లావుండాలి. ఎక్కి కూర్చునే కొమ్మ దగ్గర 35 డిగ్రీల వేడి, కిందికి దిగితే చల్లదనం, పొద్దునా సాయంత్రం నీళ్ల తుంపర. అడుగున గులకరాళ్లు వద్దు, మింగితే పేగుకి అడ్డం పడతాయి. బల్బు వెలుగుతోంది కదా అని వదిలేయకూడదు. వెలుగు ఉన్నా కిరణాలు తగ్గిపోతాయి, కంపెనీ చెప్పిన గడువుకి మార్చాల్సిందే.

"ఇంత గొడవెందుకు, నాలుగు ఆకులు పడేస్తే బతకదా?" అంటారు కొందరు. బతుకుతుంది, కొన్నాళ్లు. తొట్టిలో నీళ్లు పోసి, గదికి తాళం వేసి మనిషిని ఉంచినా కొన్నాళ్లు బతుకుతాడు. దాన్ని బతుకంటామా?

ఇంకో మాట. కొన్నది తండ్రి, అడిగింది కొడుకు. పేపర్లు మార్చేది, మందారాకులు తరిగేది, అది రోజూ తొట్టి పాడుచేస్తే కడిగేది ఎవరు? "నీకు ఓపికెక్కువ" అని ఒక మెచ్చుకోలు పడేసి తప్పుకుంటారు. ఆ మెచ్చుకోలుకి లొంగి, నేనూ ఏడాదిపాటు ఏమీ తెలుసుకోకుండానే సేవ చేశాను. పాలకూర మంచిదని రోజూ అదే పెట్టాను, అది కాల్షియాన్ని ఒంటికి అందనివ్వదని తెలియక. నా తప్పూ ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. పేపర్లు, తొట్టి చిన్నాడి పని. వాటిని వంటింటి సింకులో కడగనివ్వను, సాల్మొనెల్లా అంటుకుంటుంది. బల్బు తేదీ, ప్రభుత్వానికి ఇవ్వాల్సిన వివరాలు మావారి పని. 1972 నాటి వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో, ఇలాంటి విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు ఆ వివరాలు ఇవ్వాలి. మన ఉడుముని, ఊసరవెల్లిని అయితే పట్టి పెంచడమే నేరం.

దాని దవడ ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంది. ఇక సరికాదట. కానీ పొద్దున్నే కొమ్మ చివరికెక్కి, దీపం కింద కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఆడపడుచుకి అదే చూపించాను. "అందం సంగతి వదిలెయ్యమ్మా. ఇందులో ఉండేది అది, మనం కాదు" అన్నాను.

మీ ఇంట్లో పిల్లలు అడుగుతున్నారా? ముందు పెట్టె ఖర్చు, బల్బు ఖర్చు, రోజూ ఎవరు కడుగుతారో కాగితం మీద రాయించండి. అక్కడ మీ పేరొక్కటే కనిపిస్తే, మొహమాటపడకుండా వద్దనండి.