ఆ నిపుణుల వృత్తి ఏమిటి?

స్వచ్ఛంద సంస్థల జాలస్థళ్లలో "మా గురించి" అనే పుట ఒకటి ఉంటుంది. మానసిక ఆరోగ్యం కోసం పనిచేస్తున్నామనే సంస్థల పుటలను వరుసగా చదువుకుంటూ పోతే ఒక విచిత్రం కనబడుతుంది. సంస్థ ఆశయాలు పది వాక్యాలు. అందుకున్న సన్మానాలు పదిహేను. అధ్యక్షులవారు ఏయే మంత్రుల పక్కన నిలబడ్డారో తెలిపే ఛాయాచిత్రాలు ఇరవై. వారు ఏం చదివారు, ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్నాళ్లు రోగులను చూశారు, ఏ రిజిస్టరులో వారి పేరున్నది అనే నాలుగు ముక్కలు మాత్రం చాలాచోట్ల దొరకవు. ఆ నాలుగింటికీ బదులుగా ఒకే ఒక్క మాట ఉంటుంది: "ప్రముఖ మానసిక నిపుణులు". అన్ని సంస్థలూ ఇంతేనని అనను. వివరాలన్నీ ముద్రించి పెట్టేవి కూడా ఉన్నాయి. అవి ఈ టపా చదివి నొచ్చుకోనక్కరలేదు. మిగిలినవారు గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకుంటే అది నా తప్పు కాదు.

నా వాదన ఇది. మానసిక ఆరోగ్య సంస్థను స్థాపించడానికి, నడపడానికి ఏ పట్టా అవసరం లేదు. మనిషి మనసుకు చికిత్స చేస్తానని చెప్పుకోవడానికి మాత్రం అవసరం. ఈ రెంటినీ కలగాపులగం చేసి, సేవ పేరిట వచ్చిన గౌరవాన్ని చికిత్స చేసే అధికారంగా చలామణీ చేయడం అన్యాయం. దాని మూల్యం చెల్లించేది రోగి, రోగి కుటుంబం.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో "మానసిక నిపుణుడు" అనే మాట చాలా సౌకర్యమైనది. కనీసం నాలుగు వేర్వేరు వృత్తులు దాని కింద దాగుంటాయి. సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడు, ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన అదే శాఖలో ఎం.డి. వంటి పట్టా పొందినవాడు. మందు రాసేదీ, మనోవ్యాధికి శరీరంలో కారణం ఉన్నదేమో వెదికేదీ ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ఆపైన ఆస్పత్రిలో పర్యవేక్షణ కింద శిక్షణతో కూడిన రెండేళ్ల ఎం.ఫిల్. చేసినవాడు. సైకియాట్రిక్ సోషల్ వర్కరు రోగి కుటుంబం, ఉపాధి, పునరావాసం చూసేవాడు. ఇక కౌన్సెలరు అనే బిరుదు కింద రెండేళ్లు శ్రద్ధగా చదివినవారూ ఉన్నారు, రెండు వారాంతాలు శిక్షణకు వెళ్లి ధ్రువపత్రం తెచ్చుకున్నవారూ ఉన్నారు. వీరందరినీ ఒక్క మాటతో పిలిస్తే ఎవరికి లాభం? తక్కువ చదివినవారికే.

"డాక్టరు" అనే మాటది ఇంకొక కథ. కర్మాగారాలలో కార్మికుల పని తీరుమీద పరిశోధించి డాక్టరేటు పొందిన పండితుడు నిజంగానే డాక్టరు. ఆయన విద్వత్తును శంకించనక్కరలేదు. కాని ఆయన ఒక్క రోగినైనా చూసి ఉండకపోవచ్చు. ఆయన పేరుకు ముందున్న రెండక్షరాలను చూసి, నిద్రపట్టని కొడుకును వెంటబెట్టుకుని ఒక తల్లి వెళితే, ఆమెకు ఆ తేడా ఎవరు చెబుతారు? నిన్నటి వ్యక్తిత్వ వికాస నిపుణుడు, మొన్నటి హిప్నాటిజం ప్రదర్శకుడు నేడు సంస్థ పెట్టి మానసిక నిపుణుడైతే ఆమె ఏ గుర్తుతో పోల్చుకుంటుంది?

చట్టం ఏమంటున్నది? 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసేవారి పేరు కేంద్ర రిజిస్టరులో ఉండాలి. లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! ఒక్క గంట కౌన్సెలింగుకు అంతకన్నా ఎక్కువ తీసుకునేవారు ఉన్నారు. పైగా ఆ చట్టం కాపాడినది "క్లినికల్ సైకాలజిస్టు" అనే పేరును. ఆ మొదటి మాటను తీసేసి ఉత్త "సైకాలజిస్టు" అని బోర్డు రాయించుకుంటే అడిగే నాథుడు లేడు. ఆ లోపాన్ని పూడ్చడానికి 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ తన జాబితాలో చేర్చింది. చట్టం వచ్చిన మూడేళ్లకు, 2024 ఆగస్టులో, దాన్ని అమలు చేయండని సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ చెప్పవలసివచ్చింది. మన వేగం అది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ప్రతి రాష్ట్రంలోనూ మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసి, ఆ జాబితాను ప్రచురించాలన్నది. అంటే ఎవరు ఏమిటో తెలుసుకోవడం రోగి హక్కని చట్టమే ఒప్పుకున్నట్టు. అంతదాకా ఎందుకు, 1860లో తెల్లదొరలు చేసిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కూడా పాలకవర్గ సభ్యుల పేరు, చిరునామా, వృత్తి రాసి ఇమ్మన్నది. నూటయాభై ఏళ్లు దాటినా ఆ "వృత్తి" గడిని ప్రజలకు చూపడానికి మనవారికి చేతులు రావడం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది బలమైనది కూడా. "ఈ రంగంలో గొప్ప పనులు చేసినవారిలో చాలామంది నిపుణులే కారు కదా?" అవును. అమెరికాలో మానసిక ఆరోగ్య ఉద్యమానికి ఆద్యుడైన క్లిఫర్డ్ బీర్స్ వైద్యుడు కాడు, రోగి. 1900 నుంచి 1903 వరకు ఆస్పత్రులలో పడిన హింసను 1908లో పుస్తకంగా రాసి, 1909లో జాతీయ సంఘాన్ని స్థాపించాడు. లండనులో 1953లో సమారిటన్స్ సంస్థను ప్రారంభించిన చాడ్ వరా క్రైస్తవ మతాచార్యుడు. చెన్నైలో 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు వీధిపాలైన మానసిక రోగిణుల కోసం "ది బాన్యన్" స్థాపించినప్పుడు వారికి వైద్యపట్టాలు లేవు. అదే నగరంలో 1984లో "స్కార్ఫ్" సంస్థను నెలకొల్పిన శారదా మేనన్ మాత్రం మానసిక వైద్యురాలు, కీల్పాక్ ప్రభుత్వ మానసిక వైద్యశాలను ఏళ్లతరబడి నడిపినావిడ. రెండు దారులూ గౌరవనీయమైనవే.

కాని గమనించండి. బీర్స్ తన పుస్తకంలో "నేను రోగిని" అనే చెప్పుకున్నాడు. ఆ మాటే అతని బలం. శాస్త్రం విషయం వచ్చినప్పుడు మానసిక వైద్యుడు అడాల్ఫ్ మేయర్‌ను, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్‌ను ఆశ్రయించాడు. వరా సంస్థలో స్వచ్ఛంద సేవకులు వినేవారు, వింటామనే చెప్పేవారు. చికిత్స చేస్తామని చెప్పలేదు. గోవాలో 1996లో ఏర్పడిన "సంగత్" సంస్థ మరీ ముందుకు వెళ్లి, వైద్యేతరులకు శిక్షణ ఇచ్చి కుంగుబాటుతో బాధపడేవారికి సలహా చెప్పించింది. అయితే ఏం చెప్పాలో రాసి ఇచ్చింది, పైన నిపుణుల పర్యవేక్షణ పెట్టింది, ఫలితాలను కొలిచి అంతర్జాతీయ వైద్యపత్రికలలో ప్రకటించింది. సామాన్యుడిని సామాన్యుడిగానే చూపి పనిచేయించడం వేరు, సామాన్యుడికి నిపుణుడి కోటు తొడగడం వేరు.

రెండవ ఆక్షేపణ దీనికి సరిగ్గా ఎదురు దిక్కునుంచి వస్తుంది. "పట్టా ఉంటే చాలునా? పట్టా ఉన్నవారు తప్పు చేయరా?" చేస్తారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కన్నా పట్టాలు ఎక్కువగా ఉన్న సంఘం ఏముంటుంది? సైనిక నిర్బంధంలో ఉన్న ఖైదీల విచారణలో సైకాలజిస్టుల పాత్ర గురించి నీతినియమాలు సూచించడానికి 2005లో ఆ సంఘం ఒక బృందాన్ని వేసింది. ఓటున్న తొమ్మిదిమంది సభ్యులలో ఆరుగురికి సైన్యంతోనో గూఢచారి వ్యవస్థతోనో సంబంధం ఉన్నది. అలాంటి విచారణలలో సైకాలజిస్టులు పాల్గొనడం నీతిబద్ధమేనని బృందం తేల్చింది. సంఘం తరఫునే జరిగిన స్వతంత్ర విచారణ పదేళ్ల తరువాత, 2015లో, సంఘ పెద్దలకూ రక్షణశాఖ అధికారులకూ మధ్య నడిచిన కుమ్మక్కును బయటపెట్టింది. ఆ సంవత్సరమే సంఘం తన విధానాన్ని మార్చుకోవలసివచ్చింది. ఈ ఉదంతం నా వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది. వృత్తి నేపథ్యం అంటే పట్టా ఒక్కటే కాదు. ఎవరి జీతం తీసుకున్నారు, ఎవరికి జవాబుదారీ అన్నది కూడా నేపథ్యమే. మందుల కంపెనీ విరాళమైనా, కార్పొరేటు కళాశాల ఇచ్చే గౌరవవేతనమైనా అంతే. విద్యార్థుల ఒత్తిడి గురించి ఉపన్యసించే నిపుణుడికి ఆ ఒత్తిడిని ఉత్పత్తి చేసే కళాశాలే పోషకుడైతే, శ్రోతకు ఆ సంగతి తెలియాలి.

మూడవది, అందరికీ నోరూరించే ఆక్షేపణ: "అసలే నిపుణుల కొరత. ఇన్ని షరతులు పెడితే సేవ చేసేదెవరు?" కొరత నిజమే. 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కాని నేను సేవను ఆపమనడం లేదు. నాలుగు పంక్తులు నిజం రాయమంటున్నాను. నిజం రాయడానికి నిధులు అక్కరలేదు. నీళ్లు కరువైన ఊళ్లో ఏ బావి నీళ్లు తాగడానికి పనికివస్తాయో రాసిపెట్టడం మరీ అవసరం.

ఎందుకింత పట్టుదల? స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులు ఎక్కువగా కౌమారం చివర, తొలి యౌవనంలో మొదలవుతాయి. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆ తొలి నెలలను "ఆత్మవిశ్వాసం పెంచే" ఉపన్యాసాలలో గడిపితే పోయిన కాలాన్ని ఏ సన్మానపత్రం తిరిగి ఇవ్వదు. థైరాయిడ్ లోపం కుంగుబాటులా కనబడవచ్చు. రక్తపరీక్షతో తేలేదాన్ని మాటలతో నయం చేయబోతే రోగి నెలల తరబడి తననే నిందించుకుంటాడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మంటల్లో కాలిపోయారు. వారిని అక్కడ చేర్చిన కుటుంబాలు క్రూరులు కారు. "ఇక్కడ నయమవుతుంది" అని ఎవరో చెబితే నమ్మారు. నమ్మించేవాడి వివరం అడగకపోవడం ఎంతదాకా తీసుకుపోగలదో చెప్పడానికే దీన్ని తలచుకుంటున్నాను.

కనుక తోటి బ్లాగర్లకు ఒక విన్నపం. మనం మంచి మనసుతో ఇలాంటి సంస్థలను పరిచయం చేస్తూ టపాలు రాస్తాం, లంకెలు ఇస్తాం, విరాళాలు ఇమ్మంటాం. మన మాట నమ్మి ఎవరో ఒకరు తమ బిడ్డను తీసుకుని ఆ గడప ఎక్కుతారు. లంకె ఇచ్చే ముందు ఆ సంస్థకు ఒక జాబు రాసి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. సంస్థను నడిపేవారి చదువు ఏమిటి, ఏ విశ్వవిద్యాలయంలో? రోగులను స్వయంగా చూసేది ఎవరు, వారి రిజిస్ట్రేషను సంఖ్య ఎంత? వారి పనిని పైనుంచి పర్యవేక్షించేది ఎవరు, తమ శక్తికి మించిన రోగిని ఏ ఆస్పత్రికి పంపుతారు? డబ్బు ఎక్కడినుంచి వస్తున్నది?

జవాబు వస్తే దాన్ని మన టపాలో ఉన్నదున్నట్టు పెడదాం. మతాచార్యుడైతే మతాచార్యుడని, కోలుకున్న రోగి అయితే కోలుకున్న రోగి అని, ఎం.ఏ. అయితే ఎం.ఏ. అని. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. జవాబు రాకపోతే లంకె ఇవ్వవద్దు. ఈలోగా ఎవరైనా సాయం కోసం మనల్ని అడిగితే 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సంఖ్య 14416 ఉన్నది. దాన్ని ఇద్దాం.