పాత బండి ఫ్రేముకు రంగు ఇంట్లోనే

పాత బుల్లెట్టో, జావానో, ఆర్‌ఎక్స్ 100నో బాగు చేయించాలనుకునేవాళ్లు ఎక్కువగా డబ్బంతా ట్యాంకు మీదే పెడతారు. ట్యాంకు కంటికి ఆనుతుంది, ఫొటోలో పడుతుంది. ఫ్రేము మాత్రం ఇంజిన్ చాటున, సీటు కింద ఉండిపోతుంది కాబట్టి దాన్ని ఏదో ఒక పౌడర్ కోటింగ్ షాపుకు పంపించేసి, నల్లగా నిగనిగలాడుతూ తిరిగొస్తే చాలనుకుంటారు. ఇది తలకిందుల పద్ధతి. ట్యాంకు, మడ్‌గార్డులు పెయింటరుకు అప్పగించినా ఫర్వాలేదు. ఫ్రేముకు మాత్రం యజమాని ఇంటి పెరట్లో, సొంత చేత్తో రంగు వేసుకోవాలి. ఇది పొదుపు కోసం చెప్పే మాట కాదు. ఫ్రేముకు రంగు వేయడమంటే ముందుగా ఆ బండిని తనిఖీ చేయడం.

ఈ బళ్ల వయసు చూడండి. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో ఉత్పత్తి మొదలుపెట్టి 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో, ఆగిపోయింది 1996లో. అంటే ఈ రెండు రకాల్లో అన్నిటికన్నా చిన్నదానికి కూడా ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఇన్నేళ్లలో ఎన్ని గతుకుల రోడ్లు తిరిగాయో, ఎన్ని ధాన్యం బస్తాలు మోశాయో, ఎన్నిసార్లు పడి రోడ్డు పక్క వెల్డింగు షాపులో అతుకులు వేయించుకున్నాయో రికార్డుల్లో ఉండదు. ఆ చరిత్రంతా రంగు కిందే ఉంటుంది.

పాత రంగును ఓపిగ్గా గీకుతున్నప్పుడు ఎక్కడో సైడ్ స్టాండు బ్రాకెట్ దగ్గరో, హ్యాండిల్ తిరిగే గొట్టం కింది వెల్డింగు అంచునో వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత కనిపిస్తుంది. పైపైన పట్టిన తుప్పయితే ఎమరీ పేపరుతో రుద్దగానే పోతుంది. ఈ గీత మాత్రం రుద్దే కొద్దీ ఇంకా స్పష్టమవుతుంది. గోటితో అడ్డంగా గీస్తే గోరు తగులుకుంటుంది. అది పగులు. దాన్ని మంచి వెల్డరు దగ్గరికి తీసుకెళ్లాలి తప్ప రంగుతో కప్పకూడదు. షాపులో బ్లాస్టింగ్ చేసి, వెంటనే పొడి చల్లి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చేసే చోట అంత సేపు ఒక్క ఫ్రేమును పట్టుకుని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

పౌడర్ కోటింగ్ గట్టిది కాదని ఎవరూ అనరు. మొదటి రోజు చూస్తే మామూలు ఎనామెల్ దాని ముందు నిలవదు. పెట్రోలు చుక్క పడితే ఎనామెల్ మెత్తబడుతుంది కూడా. కానీ రాయి తగిలి ఒక్కచోట పౌడర్ పొర లేచిందంటే నీళ్లు దాని కిందికి పాకుతాయి. పైన మెరుస్తూనే ఉంటుంది, కింద తుప్పు నడుస్తూ ఉంటుంది. కనుక్కున్నాక కూడా ఆ ముక్కకు అతుకు రంగు సరిగా కలవదు. ఎనామెల్ అయితే చెక్కు లేచిన చోటు గీకి, ప్రైమరు పూసి, కుంచెతో దిద్దుకుంటే పని అయిపోతుంది. రోడ్డు మీద తిరిగే బండికి కావలసింది ఈ రెండోదే.

ఇంకో సంగతి ఛాసిస్ నంబరు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. వేరే రాష్ట్రానికి మార్చాలంటే ఫారం 28 మీద ఆ నంబరు పెన్సిల్ ప్రింటు అంటించాలి. యాభై ఏళ్లు దాటిన బళ్లకు 2021లో కేంద్రం ప్రత్యేక వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్‌లో పెద్ద మార్పులు చేయని బండికే ఆ అర్హత. ఇంత విలువైన అంకెల మీద గ్రైండరు నడిపించినా, మందపాటి పూత కూరినా నష్టం యజమానికే. అక్కడ రిమూవరు, మెత్తటి ఇత్తడి బ్రష్షు తప్ప ఇంకేదీ వాడకూడదు. పైన రంగు కూడా పల్చగానే పడాలి.

ఇంటి పని అనగానే అన్నీ ఇంట్లో చేయొచ్చని కాదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అందుకే పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. కొన్ని రిమూవర్లలో ఉండే మిథిలిన్ క్లోరైడ్ పీలిస్తే శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అలాంటి రిమూవర్లను సాధారణ వినియోగదారులకు అమ్మడాన్ని అమెరికా 2019లోనే నిషేధించింది. డబ్బా మీద ఆ పేరుంటే కొనకపోవడమే మంచిది. హార్డెనర్ కలిపి కొట్టే పీయూ రంగుల జోలికి ఇంట్లో అసలు పోకూడదు. వాటిలోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి, ముక్కుకు కట్టుకునే మామూలు మాస్కు వాటిని ఆపదు. ఆ మెరుపే కావాలనుకుంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సరైన స్ప్రే బూత్ ఉన్న పెయింటరును వెతుక్కోవాలి. ఇంట్లో పనికి సింగిల్ ప్యాక్ ఎనామెల్ చాలు. దానికైనా ఆరుబయటే, మూతికి సరైన ఫిల్టరు మాస్కుతో.

మిగిలిందంతా ఓపిక. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టరు, తర్వాత జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, ఆపైన పల్చటి పూతలు. ఫ్రేమును కొమ్మకో దూలానికో వేలాడదీసి, ముందు మూలలు, గొట్టాల లోపలి వైపులు కొట్టాలి. ఎదురుగా కనిపించే భాగాలు చివర్లో. మూలల్ని చివరికి వదిలితే అప్పటికే తడిసిన చోట మళ్లీ పడి రంగు కారిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలపు తేమ గాలికి లాకర్ రంగు తెల్లగా మసకబారుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కొడితే రంగు ఫ్రేము చేరేలోపే ఆరి గరుకు తేలుతుంది. డిసెంబరు, జనవరి పొద్దెక్కిన వేళ మేలు. పుట్టీ పెట్టి వెల్డింగు గుర్తుల్ని చదును చేయడం మాత్రం వద్దు. ఆ గుర్తులు ఫ్యాక్టరీవి. రేపు పగులు వస్తే చూడాల్సిన చోట్లు కూడా అవే.

బేరింగు కప్పులు, ఇంజిన్ ఆనే చోట్లు, మర బిగించే రంధ్రాలు టేపుతో మూయాలి. ఎర్త్ వైరు బిగించే చోటు మరీ ముఖ్యం. అక్కడ రంగు పడితే కరెంటు సరిగా తిరిగి రాదు. కొత్త రంగు వేసిన బండిలో హారన్ మూగబోయిందని, లైటు మినుకుమంటోందని బ్యాటరీ మార్చేవాళ్లున్నారు. చాలాసార్లు జబ్బు ఆ బోల్టు కింది రంగులోనే ఉంటుంది.

జావా, యెజ్డి అభిమానులు ఏటా జూలై రెండో ఆదివారం జావా డే జరుపుకుంటారు. ఊరూరా బళ్లు బారులు తీరతాయి, ట్యాంకుల పక్కన సెల్ఫీలు పడతాయి. ఆ రోజు ఒక్కో క్లబ్బు ఒక్క పాత ఫ్రేమును విప్పి బల్ల మీద పెట్టాలి. జూలై తేమకు రంగు వేయడం కుదరదు గానీ, పూత ఎలా గీకాలో, పగులు ఎలా ఉంటుందో, ఛాసిస్ నంబరును ఎలా కాపాడుకోవాలో కొత్తగా బండి కొన్న కుర్రాళ్లకు చూపించడానికి ఒక పూట సరిపోతుంది.