కొండ కదలక ముందే కొలవవలెను

"మన సీమకు కరువు భయమే గాని భూకంప భయము లేదు" అను మాట కర్నూలు, కడప జిల్లాలలో తరచు వినుచుందుము. ఈ నిశ్చింత కొంతవరకు సమంజసమే. అయినను 1967లో ఒంగోలు ప్రాంతమున, 1969లో భద్రాచలం ప్రాంతమున భూమి కంపించినది. అంతగా ప్రమాదము లేదని తలచిన లాతూరు ప్రాంతమున 1993 సెప్టెంబరు 30న వేలాదిమంది మరణించిరి. అరుదైనంత మాత్రాన అసంభవమని తలచరాదు.

కొండ ప్రాంతములలో భూకంపము ఇండ్లను కూల్చుటతో ఆగదు. చరియలను జార్చి ఊళ్లను, బాటలను కప్పివేయును. 2015 నేపాలు భూకంపములో లాంగ్‌టాంగ్ గ్రామము అట్లే మంచు, రాళ్ల క్రింద పడినది. ఏ కొండ ఎంత జారినదో తెలియుటకు శాస్త్రజ్ఞులు అనుసరించు పద్ధతులలో ఒకటి మనమెరిగిన తీసివేతయే. తరువాతి ఎత్తుల నుండి ముందటి ఎత్తులను తీసివేయుదురు. ఎత్తు తగ్గినచోట నేల జారినది. పెరిగినచోట వచ్చి పేరుకొన్నది.

2005లో మన దేశము ప్రయోగించిన కార్టోశాట్-1, రెండు కన్నులతో మనము దూరమును గ్రహించునట్లు, రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణములనుండి చిత్రించినది. ఆ చిత్రములనుండి గణించిన ఎత్తులను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము 'భువన్' ద్వారా ఉచితముగా అందించుచున్నది. అయితే వానిలో సుమారు 8 మీటర్ల తేడా ఉండవచ్చును. పెద్ద చరియ విరిగిన కనబడును. రెండు మూడు మీటర్ల కదలిక వానివలన తెలియదు.

కావున పెన్న కోసిన గండికోట లోయ అంచులను, నల్లమల ఘాటు రోడ్ల వాలులను ఇప్పుడే నిశితముగా కొలిచి ఉంచవలెనని మా అభిప్రాయము. ఆ లోయ అంచున నిలిచిన కోటలోనే జామియా మసీదు, మాధవరాయస్వామి ఆలయము కలవు. ఆ చుట్టుపట్ల చెట్టుచేమ పలుచన. పైనుండి చూచిన ఆకులు గాక నేలయే కనబడును. ఎండిన నేల మనకిచ్చిన సౌకర్యమిది!

మన కళాశాల పాలకవర్గమువారు గణిత, భౌతిక, భూగోళ శాస్త్ర విద్యార్థులకు సర్వే పరికరములను, శిక్షణను సమకూర్చవలెనని కోరుచున్నాము. తగిన అనుమతులతో, అధ్యాపకుల పర్యవేక్షణలో ఏటేటా అవే వాలులను కొలిచి, ఆ లెక్కలను ఉర్దూ, తెలుగు భాషలు రెంటను భద్రపరచవచ్చును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మనకు తగదు. ముందటి కొలత లేనిదే తీసివేతయే లేదు.